ఇంటిపేరు కలిపిన వరస

మా సీమలో కొత్త మనిషిని అడిగే మూడో ప్రశ్న ఇంటిపేరు. మొదటిది ఏ ఊరు, రెండోది ఎవరి కొడుకువి. ఆ రెండింటికీ జవాబు వచ్చాక కూడా మనిషి ఎవరో తేలకపోతే, "ఇంటిపేరు ఏమప్పా?" అని ఏమీ ఎరగనట్టు మెల్లగా అడుగుతారు. అడిగేవాడికి మన ముత్తాతల మీద ప్రేమ పుట్టి కాదు. మనల్ని మంచం మీద కూర్చోబెట్టాలా, అరుగు కింద నిలబెట్టాలా అన్నది తేల్చుకోవాలి, అంతే.

మా ఇంటిపేరు ఇక్కడ రాయను. రాస్తే ఊళ్ళో రెండిళ్ళు బయటపడతాయి, ఒకటి పెద్దది, ఒకటి మాది. పైగా అది ఇప్పుడు నాది కూడా కాదు. ఎందుకు కాకుండా పోయిందో చెప్పడానికే ఇదంతా.

నేను మైదుకూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏటా జూన్‌లో హాజరు పట్టీ రాసేటప్పుడు ఒక పీరియడంతా ఇంటిపేర్ల మీద మాట్లాడటం నాకు సరదా. ఊరి పేరు మోసే ఇంటిపేర్లు, చెట్టు పేరువి, చేసిన పని పేరువి, ఎవడో ముత్తాతకు ఊరు తగిలించిన ఎగతాళి పేర్లు. ఒక తాతకు నత్తి ఉంటే ఏడు తరాలు ఆ నత్తిని మోస్తాయి. సాయిబుల అమ్మాయి లేచి, "మాకు ఇంటిపేరే లేదు సార్, మా అబ్బా పేరే," అనేది. ఇంగ్లండులో కమ్మరివాడి మనవడు లాయరైనా కమ్మరి అనే పిలిపించుకుంటాడు. ఐస్‌లాండులో తండ్రి పేరుకు కొడుకనో కూతురనో తగిలిస్తే సరి, తరం మారితే పేరు మారిపోతుంది. చైనావాళ్ళు మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు, ఒకే ఇంటిపేరువాళ్ళకు పెళ్ళి కుదరదన్న కట్టుబాటు వాళ్ళకూ ఉండేది. అమెరికాలో బానిసలకు చాలామందికి యజమాని ఇంటిపేరే మిగిలింది. ఆ మాట దగ్గరికి రాగానే నేను గొంతు సవరించుకుని, "సరే, పుస్తకాలు తియ్యండి," అనేవాణ్ణి. మాదీ ఆ బాపతు కథే కాబట్టి.

మాది ఊరికి తూర్పున ఉన్న పేట. తాతల కాలం నుంచి క్రైస్తవులం, మాకు రాతిగోడల చర్చి ఉంది. మా జేజినాయన, అంటే నాయన వాళ్ళ నాయన, ఆదివారం చర్చికి పోయేవాడు, మిగతా ఆరు రోజులూ పెద్దింటికి. ఊరి నల్లరేగడిలో సగం ఎవరిదో వాళ్ళ ఇంటిని పెద్దిల్లంటారు. అక్కడ ఆయన ఏడాది జీతానికి కుదిరిన సేద్యగాడు. మా నాయన్ను మిషన్ బడిలో చేర్చేటప్పుడు అక్కడి పాదిరి అయ్యగారు ఇంటిపేరు అడిగితే, జేజినాయన కాసేపు ఆలోచించి పెద్దింటి పేరు చెప్పాడట. అబద్ధమాడాలని కాదు. ఊరంతా ఆయన్ని ఆ ఇంటి మనిషనే పిలిచేది. ఆయన లెక్కలో ఇల్లంటే అదే. మాది గుడిసె, గుడిసెకు పేరెవరు పెడతారు? అంతకు ముందు మాకు వేరే ఇంటిపేరు ఉండే ఉంటుంది. మా జేజికి తెలిసే ఉంటుంది. ఆమె పోయేదాకా అడగాలని నాకు తోచలేదు. ఊళ్ళో పిల్లలకు ప్రపంచంలోని ఇంటిపేర్లన్నీ చెప్పిన మొనగాణ్ణి నేను.

ఆ పేరు మా నాయన్ను కాల్చుకుతింది. ఆయనకు టీచరు ఉద్యోగం ఆర్డరు పోస్టులో వస్తే, కవరు మీద ఇంటిపేరు చూసి పోస్టుమ్యాన్ దాన్ని పెద్దింట్లో ఇచ్చిపోయాడు. అప్పటి పెద్దాయన దాన్ని విప్పి చదివి చూరులో దోపాడు. చేరడానికి ఒక్క రోజు గడువుందనగా నాయన్ను పిలిపించి, "నా ఇంటిపేరు నీకెవురిచ్చినార్రా?" అని అడిగాడు. జవాబు చెప్పేదాకా ఎండలో నిలబడమని, ఆయన లోపలికి పోయి భోంచేసి, పడుకుని, లేచి, సాయంత్రం కవరును మెట్ల మీంచి కిందికి విసిరాడు. నాయన ఈ సంగతి ఎప్పుడు చెప్పినా నవ్వుతూ చెప్పేవాడు. చిన్నప్పుడు మేమూ నవ్వేవాళ్ళం.

నాకు ఒక్కతే చెల్లెలు, నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. నాయన పోయాక నేనే చదివించాను. కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. అదే కాలేజీలో లెక్కలు చెప్పే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంది. ఎవరా అని అడిగితే, సాక్షాత్తూ పెద్దింటి మనవడు. కవరు చూరులో దోపిన పెద్దాయనకు కొడుకు కొడుకు. కర్నూలంత ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా అని నేను తల పట్టుకున్నాను.

"స్టాఫ్ లిస్టులో ఇద్దరిదీ ఒగే ఇంటిపేరన్నా," అంది. "అందురూ మమ్మల్ని చుట్టాలనుకున్యారు. దాన్నే తల్సుకోని నవ్వుకుంటాంటిమి. అట్ల మొదలాయ."

"మనమెవురో ఆ పిల్లోనికి తెలుసునా?"

"మొదట్నుంచీ తెలుసు. వాల్ల నాయన్ను ఒప్పిస్తానన్యాడు. ఒప్పుకోకుంటే రిజిస్టరాఫీసులో చేసుకుంటాం. నువ్వు మాత్రం నా పక్కన నిలబడల్ల అన్నా. ఇంగెవురూ రాకున్యా సరే, సాచ్చి సంతకం నువ్వే పెట్టల్ల."

నిలబడతానన్నాను. ఆమె చేయి పట్టుకుని మరీ అన్నాను. ఆ పొద్దు ఆమె ముఖం ఎంత తేటగా ఉందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

పది రోజులకు పెద్దింటి కారు మా పేటలోకి వచ్చింది. మా ఎరుకలో అదే మొదటిసారి. ఇప్పటి పెద్దాయన, అంటే అబ్బాయి తండ్రి, కాంట్రాక్టులు చేస్తాడు, రాజకీయాల్లో తిరుగుతాడు. కారు చప్పుడు వినగానే మా అమ్మ వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. నేను కర్రలతో వస్తారనుకున్నాను. ఆయన ఒక్కడే దిగి, నవ్వుతూ వచ్చి, మా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా, బాగుండావా?"

"బాగుండా సార్."

"సారేంది? మనం మనం అన్నదమ్ములం. ఇంటిపేరొకటే గదా."

ఏ పేరు పెట్టుకున్నందుకు మా నాయన ఎండలో నిలబడ్డాడో, ఆ పేరును ఈయన మా వాకిట్లో కూర్చుని తిరునాళ్ళలో బొరుగుల్లా పంచుతున్నాడు.

"మీ జేజినాయన మా ఇంటి మనిషి. మా జేజినాయన ఆయప్పను కొడుకు మాదిరి జూసుకున్యాడు," అన్నాడు. "అట్లయితే ఆ పాప మావానికి ఏమయితాది? చెల్లెలు. ఒగే ఇంటిపేరోల్లకు పెండ్లి యాడన్నా ఉండాదా? సదువుకున్నోనివి, నువ్వే చెప్పు. పాపం గాదా అది?"

మా వైపు ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళే. నెత్తురు కలవాల్సిన పని లేదు, పేరు కలిస్తే చాలు. ఎంత ఇష్టపడ్డా, ఎంత ఆస్తి ఉన్నా, ఇంటిపేరు ఒకటని తేలితే మాటలు అక్కడితో ఆగిపోతాయి. దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. కులం వేరని కొట్టడానికి వస్తే ఎదురు చెప్పడానికి నేను వారం నుంచి మాటలు కూడబెట్టుకున్నాను. ఆయన కులం ఊసే ఎత్తలేదు. దూరం పెట్టి ఆపలేనిదాన్ని దగ్గరికి తీసుకుని ఆపుతున్నాడు.

ఒక్క మాట అని ఉంటే ఆ వరస అక్కడికక్కడే తెగిపోయేది. "మీ నెత్తురు మాది కాదు సార్. మీ జీతగాళ్ళం మేము. ఆ పేరు మా జేజినాయన తెలియక చెప్పింది," అంటే చాలు. ఆ మాట నా నోటికి రాలేదు. హైస్కూలు మాస్టారినై ఉండి, వీధంతా వింటుండగా, జీతగాడి మనవణ్ణని ఎలా అనేది? అమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు పెదవులకు తాకించి కింద పెట్టాడు. నీళ్ళు వేలెడు కూడా తగ్గలేదు. నేను చూశాను. చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

"రేపు ఇంటికి రా తమ్ముడా," అన్నాడు లేస్తూ. "నలుగుర్లో ఈ మాట అనుకుందాం."

తమ్ముడా అన్నాడు. నలభై ఐదేళ్ళవాణ్ణి, ఒళ్ళు పులకరించింది నాకు. నేను తమ్ముణ్ణయితే చెల్లెలు వాళ్ళవాడికి చెల్లెలు కాదు, మేనత్త కావాలన్న లెక్క కూడా తట్టలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. పెద్దింటి హాల్లో అడుగుపెట్టడం మా ఇంట్లో నేనే మొదలు. జేజినాయన దొడ్డివైపు నుంచే వచ్చిపోయేవాడు. కుర్చీ వేశారు. ఊరి సర్పంచి ఉన్నాడు, వాళ్ళ దాయాదులు ఇద్దరున్నారు, మా పాస్టరుగారు కూడా ఉన్నారు. చర్చి వరండాకు పెద్దింటి ఖర్చుతో రేకులు అదే వారం దిగాయి. కాఫీ వచ్చింది, వాళ్ళందరికీ స్టీలు గ్లాసుల్లో, నాకు పేపరు కప్పులో. పాస్టరుగారికీ పేపరు కప్పే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తాగాం.

అబ్బాయి గుమ్మానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. "నువ్వేమంటావప్పా?" అని నేనే అడిగాను.

"పెద్దోల్లు చెప్పేది గూడా నిజమే గదా సార్," అన్నాడు తలెత్తకుండా. "వరస గాదంట."

రెండేళ్ళు నా చెల్లెలితో కలిసి తిరిగినవాడికి ఆ వరస ఆ పొద్దే తెలిసింది. వాడి ముఖాన ఉమ్మేయాలనిపించింది. కానీ నన్ను అందరూ చూస్తున్నారు, సర్పంచి నా వైపు చూసి తల ఊపుతున్నాడు. నేను గొంతు సవరించుకుని, "నిజమే. మా చెల్లెలు మీ ఇంటి ఆడబిడ్డ," అన్నాను. నా నోటితోనే అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

"ఇన్యారు గదా," అన్నాడు పెద్దాయన నలుగురి వైపు తిరిగి. "ఈ పొద్దునుంచి ఆ పాప మా ఇంటి ఆడబిడ్డ. మావానికి తోడబుట్టినోల్లు లేని కొరత తీరిపాయ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శనివారం చెల్లెలు కర్నూలు నుంచి వచ్చింది. నేను చెప్పిందంతా నిలబడే వింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రెండే ప్రశ్నలు వేసింది.

"ఆ మాట ఆయప్ప నలుగురి ముందర అన్యాడా?"

"అన్యాడు."

"నువ్వూ ఒప్పుకున్యావా?"

"ఒప్పుకున్యా."

"సరే," అంది. ఆ పూటే బస్సెక్కి కర్నూలు వెళ్ళిపోయింది. అమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా గట్టు మీదే ఉండిపోయింది.

ఆరు నెలలకు, మాఘంలో, అబ్బాయికి రాయచోటి వైపు సంబంధం కుదిరింది. వ్యాపారాలున్న ఇల్లట. పెద్దింటి నుంచి మాకు కార్డు వచ్చింది. పేటకంతా కలిపి ఒకే కార్డు, దాని మీద నా పేరు, ఇంటిపేరుతో సహా. వరస కలిపారు కదా, లోకానికి చూపించుకోవాలి. పెళ్ళి కడపలో ఫంక్షన్ హాల్లో జరిగింది, మర్నాడు పొద్దున కోడలిని ఇంటికి తెస్తున్నారు. ఆ పొద్దున నా చెల్లెలు పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని బస్సు దిగింది. అమ్మ కాళ్ళావేళ్ళా పడింది.

"పిల్సినారు గదమ్మా," అంది చెల్లెలు. "ఆడబిడ్డ లేకుండా కొత్తకోడలు వాకిలెట్ల దాటుతాది?"

మా వైపు కొత్తకోడలు అడుగుపెట్టే వేళకు పెళ్ళికొడుకు అక్కో చెల్లెలో వాకిలికి అడ్డంగా నిలబడుతుంది. ముందు మొగుడూ పెళ్ళామూ ఒకరి పేరు ఒకరు చెప్పాలి. తర్వాత ఆడబిడ్డ, "మీకు పుట్టే కూతుర్ని నా కొడుక్కిస్తారా?" అని అడుగుతుంది. ఇస్తామని మాటిస్తేనే దారి వదులుతుంది. సరదాకి చేసేదే, కానీ మేనరికాలు నడిచే సీమ ఇది. ఆ మాట పట్టుకుని పాతికేళ్ళ తర్వాత పిల్లనడిగి తెచ్చుకున్న ఆడబిడ్డలు మా ఊళ్ళోనే ఉన్నారు. అబ్బాయికి తోడబుట్టినవాళ్ళు లేరు కాబట్టి దాయాదుల చిన్నపిల్ల ఒకతెను వాకిట్లో నిలబెట్టారు.

నేను వెనకే పరుగెత్తాను కానీ షామియానా దగ్గరే ఆగిపోయాను. మేళం మోగుతోంది. చెల్లెలు జనం మధ్య నుంచి నేరుగా మెట్లెక్కి, ఆ చిన్నపిల్ల తల నిమిరి పక్కకు జరిపి, వాకిలికి రెండు వైపులా చేతులు చాపి నిలబడింది. పెళ్ళికొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెళ్ళికూతురి తరఫు ఆడవాళ్ళకు ఏమీ తెలియదు. ఆడబిడ్డ చక్కగా ఉందే అనుకున్నారు కాబోలు, ముందుకు జరిగి ముసిముసిగా నవ్వుతున్నారు.

"పేర్లు చెప్పి లోపలికి రాండి," అంది చెల్లెలు.

పెళ్ళికూతురు సిగ్గుపడుతూ మొగుడి పేరు చెప్పింది, ఇంటిపేరుతో కలిపి. వాడు పెళ్ళాం పేరు గొణిగాడు.

"ఇంగొకటుండాది. మీకు పుట్టే పాపను నా కొడుక్కిస్తామని మాటియ్యండి. అప్పుడే దోవ ఇడుస్తా."

మేళం ఆగింది. పెద్దాయన గబగబా మెట్లెక్కి, "జరుగు పాపా, ముహూర్తం దాటిపోతాది," అన్నాడు. గొంతులో తేనె, కళ్ళల్లో కారం. ఈమె ఎవరో చెప్పి గెంటేయాలంటే కొత్త వియ్యంకుల ముందు చెప్పాలి. నలుగురిలో ఆయన ఆడబిడ్డ అన్నప్పుడు విన్న సర్పంచి అక్కడే ఉన్నాడు, పాస్టరుగారూ ఉన్నారు. ఆ నిమిషంలో నాకు ఎంత భయం వేసిందో అంత గర్వంగానూ ఉంది.

"ఇస్తాం వదినా," అంది పెళ్ళికూతురు. పాపం, ఆ పిల్లకు ఇంట్లో నేర్పి పంపిన జవాబు అది. రాయచోటి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"నువ్వు చెప్పన్నా," అంది చెల్లెలు వాడితో.

వాడు నేల చూశాడు.

"నా మొగం జూసి చెప్పు అన్నా. చెల్లెల్ని గదా."

"ఇస్తాం," అన్నాడు. పక్కనున్నవాళ్ళకైనా వినబడిందో లేదో. ఆమె చేతులు దించి పక్కకు తప్పుకుంది. పెళ్ళికూతురు గడప మీద పెట్టిన బియ్యం కొలతను కాలితో తన్ని లోపలికి పోయింది. ఎవరో పెద్దామె, "నీ కొడుకు ఎంత పెద్దోడమ్మా?" అని అడిగితే, "ఇంగా పుట్టలేదు పెద్దమ్మా," అని చెప్పి మెట్లు దిగింది. నా పక్క నుంచే పోయింది, నా వైపు చూడలేదు.

సాయంత్రానికల్లా సంగతి రాయచోటివాళ్ళకు తెలిసిపోయింది. ఆ వాకిలిని పసుపునీళ్ళతో, గోపంచకంతో మూడుసార్లు కడిగించారు. కడగడానికి పిలిచింది మా పేట మనుషుల్నే. అప్పుడు పసుపు తవ్వే కాలం. ఆ ఏడు మా పేట ఆడవాళ్ళను ఒక్కరిని కూడా పెద్దింటి చేలల్లోకి పిలవలేదు. వాళ్ళందరూ రోజూ మా ఇంటి ముందు నుంచే వేరే ఊళ్ళకు కూలికి పోయేవాళ్ళు, నాతో మాట్లాడకుండా.

నన్ను మళ్ళీ పిలిపించారు. ఈసారి కుర్చీ లేదు, మెట్ల కింద నిలబడ్డాను. తమ్ముడు పోయి రేయ్ వచ్చింది.

"ఆ పేరు ఇడిసిపెట్టు," అన్నాడు పెద్దాయన. "ఇంటిల్లిపాదీ ఇడిసిపెట్టల్ల. పేపర్లో ఎయ్యి."

నేను ఇంటికి వచ్చి చెల్లెలికి ఫోన్ చేసి, నలుగురి పొట్ట కొట్టావు, నీ ఆటకు ఇంతమంది పస్తులుండాలా, సంతకం పెట్టి పేరు మార్చుకో అని అరిచాను. ఆమె నన్ను అరవనిచ్చింది.

"జేజినాయన ముప్పై ఏండ్లు ఆ ఇంటి దొడ్డి ఊడ్సినాడు," అంది చివరికి. "ఆ పేరు ఆయప్ప సంపాదించింది. ఇచ్చేదానికి నువ్వెవురు?"

మాటలో అన్నా అన్న పిలుపు లేదు. అది నాకు ఫోన్ పెట్టేశాక తెలిసింది.

నేను మార్చుకున్నాను. నోటరీ దగ్గర టైపు చేసే ఆమె, "కొత్త ఇంటిపేరు ఏం రాయాల సార్?" అని అడిగితే నా బుర్రకు ఒక్కటీ తట్టలేదు. ఊరివి, చెట్టువి, పనివి, ఏటా పిల్లలకు చెప్పినవన్నీ ఎక్కడికి పోయాయో. ఆమె విసుక్కునేదాకా కూర్చుని, చివరికి మా ఊరి పేరే రాయించాను. ఆ ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు. ఇప్పుడు పిల్లలకు ఇంటిపేర్ల పాఠం చెప్పడం మానేశాను.

చెల్లెలు నంద్యాల అబ్బాయిని చేసుకుంది, రిజిస్టరాఫీసులో. నేను పెడతానన్న సాక్షి సంతకం వాళ్ళ కాలేజీ ప్యూను పెట్టాడట. పెళ్ళయ్యాక కూడా ఆమె ఇంటిపేరు మార్చుకోలేదు. ఈ సంగతులు నాకు అమ్మ ద్వారా తెలిశాయి, అవీ జరిగిన నెలకో రెండు నెలలకో. కొడుకు పుట్టాడని మాత్రం అమ్మ ఆ రోజే చెప్పింది.

మొన్న బాబుకు ఐదో నెల వస్తే, మనసు ఆగక, చెప్పకుండానే కర్నూలు పోయాను. తలుపు తీసి, "రాండి," అంది. కాఫీ ఇచ్చింది, స్టీలు గ్లాసులోనే ఇచ్చింది. నేను బాబును ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తున్నాను, వాడు నా కళ్ళజోడు లాగుతున్నాడు. పక్కింటామె పాలగిన్నె కోసమని వచ్చి, నన్ను చూసి, "మీ అన్ననా?" అని అడిగింది.

"కాదు, మా ఊరి సారు," అని, చెల్లెలు నా ఒళ్ళో నుంచి బాబును తీసుకుంది.